పెద్ద మెయిలింగ్ లిస్టుకు ఈమెయిల్ పంపే సేవను ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న పత్రికలు, ప్రచురణకర్తలు, పూర్వ విద్యార్థుల సంఘాలు, ప్రవాస తెలుగు సంఘాలు తమ వాళ్లందరికీ ఒకేసారి ఈమెయిల్ పంపాలనుకున్నప్పుడు అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. వాటిని దశలవారీగా ఇక్కడ చేర్చాము. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కనుక కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ధరలు, పరిమితులు తరచూ మారుతుంటాయి. డబ్బు కట్టే ముందు ఆయా సంస్థల ధరల పేజీని తప్పక చూసుకోండి.

## మొదలుపెట్టే ముందు

మా దగ్గర 800 మంది చిరునామాలే ఉన్నాయి. జీమెయిల్‌లో బీసీసీ పెట్టి పంపితే సరిపోదా?

సరిపోదు. మామూలు జీమెయిల్ ఖాతా నుంచి రోజుకు 500 మందికి మించి పంపనివ్వరు. సంస్థలు డబ్బు కట్టి తీసుకునే గూగుల్ వర్క్‌స్పేస్ ఖాతాలోనైనా రోజుకు 2,000 ఉత్తరాలే హద్దు. హద్దు దాటితే ఆ ఖాతా నుంచి ఉత్తరాలు వెళ్లడం 24 గంటల వరకు ఆగిపోవచ్చు, అంటే ఆ సాయంత్రం ప్రెస్సుకు పంపవలసిన ఫైలు కూడా వెళ్లదు. అంతకంటే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, బీసీసీ ఉత్తరంలో అన్‌సబ్‌స్క్రైబ్ లింకు ఉండదు, పనిచేయని చిరునామాలను తొలగించే ఏర్పాటు ఉండదు, విసిగిన పాఠకుడికి స్పామ్ మీట నొక్కడం తప్ప వేరే దారి ఉండదు. ఎప్పుడో ఒకసారి పొరపాటున బీసీసీ బదులు సీసీలో పెడితే ఎనిమిది వందల చిరునామాలూ అందరికీ బయటపడతాయి. ఆపైన "నన్ను తీసేయండి" అని ఒకరు, "నన్ను కూడా" అని మరొకరు అందరికీ జవాబులు పంపడం మొదలవుతుంది. యాభై అరవై మంది వరకు బీసీసీతో నెట్టుకురావచ్చు. వందలు దాటాక ప్రత్యేక సేవ తీసుకోవడమే మేలు.

మా సభ్యులు ఒకరికొకరు కూడా రాసుకోవాలి. అందుకు కూడా ఇదే సేవ పనికొస్తుందా?

పనికిరాదు. సంపాదకుడు ఒక్కడే రాసి అందరూ చదివేది ప్రకటనల లిస్టు; ఎవరు రాసినా అందరికీ చేరేది చర్చల లిస్టు. మెయిల్‌చింప్, బ్రెవో, జోహో క్యాంపెయిన్స్ వంటివి మొదటిదాని కోసం తయారైనవి. రెండోదానికి గూగుల్ గ్రూప్స్, గ్రూప్స్.ఐఓ, సొంతంగా నడుపుకునే గ్నూ మెయిల్‌మ్యాన్ వంటివి కావాలి. చర్చల లిస్టులో మరొక చిక్కు ఉంది. 2014 ఏప్రిల్‌లో యాహూ తన చిరునామాల పేరుతో బయటి సర్వర్ల నుంచి వచ్చే ఉత్తరాలను తిరస్కరించమని ప్రకటించడంతో, యాహూ సభ్యులు రాసిన ఉత్తరాలు చర్చల లిస్టుల ద్వారా మిగతావారికి చేరకుండా పోయాయి. అప్పటి నుంచి మెయిల్‌మ్యాన్ వంటి సాఫ్ట్‌వేర్లలో 'ఫ్రమ్' స్థానంలో లిస్టు చిరునామాను పెట్టే వీలు వచ్చింది. మీరు ఎంచుకునే సేవలో ఈ వీలు ఉందో లేదో అడగండి.

ఒకాయన లక్ష చిరునామాలు తక్కువ ధరకు ఇస్తానంటున్నాడు. కొనవచ్చా?

వద్దు. పేరున్న ఏ సేవా కొన్న జాబితాలను అనుమతించదు. అలాంటి జాబితాల్లో ఏళ్ల క్రితం మూతపడిన చిరునామాలతో పాటు, స్పామ్ పంపేవారిని పట్టుకోవడానికే ఉంచిన ఉచ్చు చిరునామాలు కూడా ఉంటాయి. వాటికి ఒక్క ఉత్తరం వెళ్లినా మీ డొమైన్ (ఈమెయిల్ చిరునామాలో @ తరువాత వచ్చే పేరు) నిరోధక జాబితాల్లోకి ఎక్కే ప్రమాదం ఉంది. మొదటి విడతలోనే తిరుగు ఉత్తరాలు కుప్పలుగా వచ్చి ఖాతా మూతపడుతుంది, కట్టిన డబ్బు వెనక్కి రాదు.

పుస్తక ప్రదర్శనలో మా స్టాలు దగ్గర నోటుపుస్తకంలో చిరునామాలు రాయించుకున్నాము. వాటిని చేర్చుకోవచ్చా?

చేర్చుకోవచ్చు, కానీ నేరుగా కాదు. విజయవాడ పుస్తక మహోత్సవం వంటి చోట నిలబడి హడావుడిగా రాసిన చేతిరాతలో సున్నా ఏదో 'ఓ' ఏదో, అంకె ఒకటి ఏదో 'ఎల్' ఏదో తెలియదు. జీమెయిల్ స్పెల్లింగులో అక్షరాలు అటూ ఇటూ అవడం మామూలే. తప్పుగా ఎక్కించిన చిరునామా ఒక్కోసారి ముక్కూమొహం తెలియని మరొకరిది కావచ్చు. అందుకే ఎక్కించిన ప్రతి చిరునామాకూ ముందుగా ఒక ధ్రువీకరణ ఉత్తరం వెళ్లాలి. అందులోని లింకు నొక్కినవారినే జాబితాలో ఉంచాలి. దీన్ని డబుల్ ఆప్ట్-ఇన్ అంటారు. ఇది చేస్తే జాబితా చిన్నదవుతుందని చాలామంది వెనకాడతారు, చిన్నదవుతుంది కూడా. అయితే మిగిలినవారు చదివేవారు. నోటుపుస్తకం పేజీ పైన "మా పత్రిక వార్తలు ఈమెయిల్‌లో పంపడానికి" అని ఒక వాక్యం అచ్చువేసి ఉంచండి. సమ్మతి దేనికి ఇచ్చారో తరువాత ఎవరైనా అడిగితే చూపించడానికి అదే ఆధారం.

చట్టం ప్రకారం మేము ఏం పాటించాలి?

భారతదేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈమెయిల్ చిరునామాకూ వర్తిస్తుంది. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టమైన ప్రయోజనానికి, స్పష్టమైన చర్య ద్వారా ఇచ్చినదై ఉండాలి. ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలి. సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో గానీ చదువుకునే అవకాశం పాఠకుడికి ఇవ్వాలి. తెలుగు వాటిలో ఉంది కనుక చేరిక ఫారంలోని ఆ నాలుగు వాక్యాలనూ తెలుగులో పెట్టుకోవడం అందరికీ మంచిది. ఈ చట్టం కింద నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు విడతలుగా అమలులోకి వస్తాయి.

మీ పాఠకుల్లో ప్రవాసులు ఉంటే అక్కడి చట్టాలూ చూసుకోవాలి. అమెరికాలోని 2003 నాటి కాన్-స్పామ్ చట్టం ప్రకారం వాణిజ్య ఉత్తరంలో పంపినవారి తపాలా చిరునామా ఉండాలి, వద్దన్నవారిని 10 పనిదినాల్లోగా తొలగించాలి. ఐరోపాలో 2018 నుంచి జీడీపీఆర్, కెనడాలో 2014 నుంచి కాస్ల్ అమలులో ఉన్నాయి. ఇవి సమ్మతి విషయంలో అమెరికా చట్టం కంటే కఠినమైనవి. అన్నిటికంటే కఠినమైనదానికి తగ్గట్టు ఒకే పద్ధతి పెట్టుకుంటే దేశానికొక జాబితా నిర్వహించవలసిన పని తప్పుతుంది.

## సేవలను పోల్చి చూసేటప్పుడు

ఇన్ని సేవలున్నాయి. వీటి మధ్య అసలు తేడా ఏమిటి?

స్థూలంగా మూడు రకాలు. మొదటి రకంలో జాబితా నిర్వహణ, ఉత్తరం కూర్పు, పంపడం, లెక్కలు అన్నీ ఒకేచోట దొరుకుతాయి: మెయిల్‌చింప్, బ్రెవో, జోహో క్యాంపెయిన్స్ ఈ కోవలోవి. రెండో రకం పంపడం వరకే చేస్తుంది. అమెజాన్ ఎస్‌ఈఎస్ దీనికి ఉదాహరణ. జాబితాను, ఉత్తరాన్ని మీరే వేరే సాఫ్ట్‌వేర్‌లో చూసుకోవాలి. మూడో రకం సబ్‌స్టాక్ వంటిది. రాసేవారి కోసం తయారైనది, ఉచితంగా రాసినంతకాలం ఖర్చు ఉండదు, చందా వసూలు చేస్తే పది శాతం తీసుకుంటుంది. అక్కడ చందా చెల్లింపులు స్ట్రైప్ ద్వారా జరుగుతాయి కనుక, చందా పెట్టాలనుకునేవారు ముందుగా స్ట్రైప్ ఖాతా తమకు దొరుకుతుందో లేదో కనుక్కోవాలి.

ఒకరు మనుషుల లెక్కన, ఒకరు ఉత్తరాల లెక్కన ధర చెబుతున్నారు. ఎలా పోల్చాలి?

ముందు నెలకు మొత్తం ఎన్ని ఉత్తరాలు వెళతాయో లెక్క వేసుకోండి. 10,000 మందికి వారానికి ఒకటి చొప్పున పంపితే నెలకు సుమారు 40,000. అమెజాన్ ఎస్‌ఈఎస్ వెయ్యి ఉత్తరాలకు 10 సెంట్లు తీసుకుంటుంది కనుక అది 4 డాలర్లు. మనుషుల లెక్కన తీసుకునే సేవలో అదే జాబితాకు దీనికి అనేక రెట్లు అవుతుంది. ఆ తేడా సాఫ్ట్‌వేర్‌కూ సహాయానికీ కడుతున్నారన్నమాట. అన్నీ ఒకేచోట ఇచ్చే సేవలనే పోల్చితే, నెలకు ఒక్కసారే పంపే మాసపత్రికకు ఉత్తరాల లెక్క లాభం, వారానికి మూడు నాలుగు సార్లు పంపేవారికి మనుషుల లెక్క లాభం.

చిన్న అక్షరాల్లో చూడవలసింది ఒకటుంది. మనుషుల లెక్కలో ఎవరెవరిని కలుపుతారు? మెయిల్‌చింప్‌లో అన్‌సబ్‌స్క్రైబ్ చేసినవారు కూడా, మీరు వారిని ఆర్కైవ్‌లోకి మార్చేదాకా, లెక్కలోకి వస్తారు. ఒకే మనిషి రెండు జాబితాల్లో ఉంటే రెండుసార్లు లెక్కపెట్టే సేవలూ ఉన్నాయి. ఏళ్ల తరబడి చదవని వారికోసం, వెళ్లిపోయినవారికోసం డబ్బు కట్టడం ఇలాగే జరుగుతుంది.

ఉచిత పథకంతో మొదలుపెట్టి తరువాత చూసుకోవచ్చా?

పరీక్షించి చూడడానికి ఉచిత పథకం మంచిదే. దాని మీదే ఆధారపడి పత్రిక ప్రణాళిక వేసుకోవద్దు. బ్రెవో ఉచిత పథకంలో రోజుకు 300 ఉత్తరాలే వెళతాయి. 1,000 మంది ఉన్న జాబితాకు ఒక సంచిక చేరడానికి నాలుగు రోజులు పడుతుంది, సంతాప సభ కబురు పంపవలసి వస్తే సభ అయిపోయాక చేరుతుంది. ఒకప్పుడు 2,000 మంది వరకు ఉచితంగా ఇచ్చిన మెయిల్‌చింప్ ఆ హద్దును తరువాత బాగా తగ్గించింది. సెండ్‌గ్రిడ్ 2025లో శాశ్వత ఉచిత పథకాన్ని ఎత్తివేసింది. ఉచితం అన్నది ఆ సంస్థ ఇష్టం ఉన్నంతవరకే.

మా కుర్రాడికి సర్వర్లు తెలుసు. అన్నీ మేమే పెట్టుకుంటే ఖర్చు తప్పుతుంది కదా?

జాబితా నడిపే సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా పెట్టుకోండి, ఉత్తరాలు పంపే సర్వర్‌ను మాత్రం వద్దు. జాబితాకు లిస్ట్‌మంక్ చక్కగా సరిపోతుంది. జెరోధా సాంకేతిక అధిపతి కైలాశ్ నాధ్ రూపొందించిన ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకే ఫైలుగా వస్తుంది, పక్కన పోస్ట్‌గ్రెస్ డేటాబేసు ఉంటే చాలు, చిన్న సర్వర్ మీద నడుస్తుంది. దాన్ని అమెజాన్ ఎస్‌ఈఎస్‌కు కలిపితే తక్కువ ఖర్చుతో పని జరుగుతుంది.

పంపే సర్వర్ సంగతి వేరు. అమెజాన్ ఈసీ2 సర్వర్లలో మెయిల్ బయటికి వెళ్లే 25వ నంబరు పోర్టును మొదటినుంచీ మూసే ఉంచుతారు. చవకగా దొరికే ఇతర క్లౌడ్ సర్వర్లలోనూ చాలాచోట్ల అంతే. తెరిపించుకున్నా, మీకు ఇచ్చిన ఐపీ చిరునామాను (సర్వర్‌ను గుర్తించే నంబరును) అంతకుముందు ఎవరు దేనికి వాడారో తెలియదు. జీమెయిల్ ఉత్తరాలు తీసుకోవడం మానేసిన రోజు మీ కుర్రాడు ఎవరికి ఫోను చేస్తాడు? ఇంకో మాట: ఆ కుర్రాడు ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోతే పాస్‌వర్డులు ఎవరి దగ్గర ఉంటాయో ఇప్పుడే తేల్చుకోండి.

విదేశీ సేవకు మన కార్డుతో కట్టవచ్చా? రూపాయల్లో బిల్లు దొరుకుతుందా?

కట్టవచ్చు, కానీ నెలనెలా దానంతట అదే కోత పడే పద్ధతి మన కార్డులతో తరచూ ఆగిపోతుంది. 2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఇలాంటి పునరావృత చెల్లింపులకు ముందుగా ఈ-మాండేట్ (కోతకు కార్డుదారు ఇచ్చే ముందస్తు అనుమతి) నమోదు కావాలి. అలా నమోదైన చెల్లింపుల్లో ఓటీపీ లేకుండా జరిగే మొత్తానికి 2022 జూన్‌లో 15,000 రూపాయల హద్దు పెట్టారు. విదేశీ సంస్థ తరఫున చెల్లింపులు తీసుకునే గేట్‌వే ఈ ఏర్పాటును పాటించకపోతే చెల్లింపు తిరస్కరణకు గురై, సరిగ్గా సంచిక పంపే రోజున ఖాతా ఆగిపోయినట్టు తెలుస్తుంది. అందువల్ల ముందుగానే క్రెడిట్లు కొనుక్కునే వీలు ఉందా, ఏడాదికి ఒకేసారి కట్టవచ్చా అని చూడండి. జోహో వంటి భారతీయ సంస్థలు రూపాయల్లో జీఎస్‌టీ బిల్లు ఇస్తాయి. బడ్జెట్ వేసుకునేటప్పుడు 18 శాతం జీఎస్‌టీని కలపడం మరిచిపోవద్దు.

అమ్మకాల ప్రతినిధి డెడికేటెడ్ ఐపీ తీసుకోమంటున్నాడు. కావాలా?

నెలకు లక్షల్లో, అదీ క్రమం తప్పకుండా పంపేవారికి తప్ప అవసరం లేదు. డెడికేటెడ్ ఐపీ అంటే మీ ఉత్తరాలు మాత్రమే వెళ్లే సొంత ఐపీ. దానికి మంచిపేరు రావాలంటే రోజూ తగినన్ని ఉత్తరాలు వెళ్లాలి. నెలకు ఒకసారి 5,000 పంపి మిగతా రోజులు మౌనంగా ఉండే ఐపీని జీమెయిల్ ప్రతిసారీ కొత్తవాడిలాగే చూస్తుంది. మంచి సేవలోని ఉమ్మడి ఐపీయే చిన్న పత్రికకు నయం.

ఇవన్నీ వద్దు. మాకు సరిపోయే ఒక్క పేరు చెప్పండి.

సాంకేతిక సహాయం లేని సంఘానికి, జాబితా కొన్ని వేలలోపు ఉంటే, జోహో క్యాంపెయిన్స్ గానీ బ్రెవో గానీ. రూపాయల బిల్లు ముఖ్యమైతే మొదటిది, ఎక్కువమందికి అరుదుగా పంపేవారైతే రెండోది. డీఎన్‌ఎస్ (డొమైన్ సాంకేతిక వివరాలు నమోదై ఉండే చోటు) రికార్డు అంటే తెలిసిన మనిషి స్థిరంగా అందుబాటులో ఉంటే లిస్ట్‌మంక్‌తో అమెజాన్ ఎస్‌ఈఎస్. ఏ సంఘమూ లేకుండా ఒక్కరే రాసుకునేవారైతే సబ్‌స్టాక్. మెయిల్‌చింప్ మంచి సేవే అయినా, ఆదాయం లేని తెలుగు పత్రిక భరించే ధర కాదని మా అభిప్రాయం.

## ఖాతా తెరిచాక, మొదటి ఉత్తరానికి ముందు

మాకు సొంత డొమైన్ లేదు. జీమెయిల్ చిరునామా పేరుతోనే పంపవచ్చా?

ఇప్పుడు కుదరదనే అనుకోండి. ఉత్తరంలో 'ఫ్రమ్' దగ్గర జీమెయిల్ చిరునామా ఉండి, అది గూగుల్ సర్వర్ నుంచి కాక మరో సేవ నుంచి వస్తే, అందుకునే సర్వర్ దాన్ని దొంగ ఉత్తరంగా అనుమానిస్తుంది. కొన్ని సేవలు ఆ చిరునామాను తీసేసి తమ డొమైన్‌ను పెట్టి పంపుతాయి. అప్పుడు మీ పాఠకుడికి తెలియని పేరు కనిపిస్తుంది. డొమైన్‌కు ఏడాదికి అయ్యే ఖర్చు ఒక పుస్తకం వెల కంటే పెద్దగా ఎక్కువ ఉండదు. ముందు అది కొని, తరువాత సేవను ఎంచుకోండి. సేవ రేపు మారవచ్చు, డొమైన్ సంపాదించుకున్న పేరు మీతోనే ఉంటుంది.

ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అని ఏవో పెట్టమంటున్నారు. ఇవి లేకుండా నడవదా?

నడవదు. గూగుల్, యాహూ 2023 అక్టోబరులో ప్రకటించి 2024 ఫిబ్రవరి నుంచి అమలుచేస్తున్న నిబంధనల ప్రకారం, పంపేవారందరికీ మొదటి రెండింటిలో కనీసం ఒకటి ఉండాలి. జీమెయిల్ చిరునామాలకు రోజుకు 5,000కు పైగా పంపే డొమైన్‌కు మూడూ ఉండాలి. ఒక్కసారి ఆ సంఖ్యను అందుకున్నా ఆ డొమైన్‌ను గూగుల్ ఎప్పటికీ సామూహికంగా పంపేదిగానే లెక్కిస్తుంది. మైక్రోసాఫ్ట్ కూడా 2025 మే నుంచి అవుట్‌లుక్, హాట్‌మెయిల్ చిరునామాలకు ఇలాంటి నియమమే పెట్టింది.

ఈ మూడూ మీ డొమైన్ డీఎన్‌ఎస్‌లో చేర్చే రికార్డులే. మీ పేరుతో పంపడానికి ఏయే సర్వర్లకు అనుమతి ఉందో ఎస్‌పీఎఫ్ చెబుతుంది. ఉత్తరం దారిలో మారలేదని, మీ డొమైన్ తరఫునే వచ్చిందని డీకేఐఎం సంతకం రుజువు చేస్తుంది. ఈ పరీక్షల్లో తప్పిన ఉత్తరాన్ని ఏం చేయాలో డీమార్క్ చెబుతుంది. ఎక్కువగా జరిగే తప్పులు రెండు. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. ఆఫీసు మెయిల్‌కు ఇప్పటికే ఒకటి ఉండగా కొత్త సేవ కోసం రెండోది చేర్చితే రెండూ చెల్లకుండా పోతాయి, ఉన్నదానిలోనే కొత్త సేవను కలపాలి. రెండో తప్పు, డీకేఐఎం సంతకం సేవ డొమైన్ పేరుతో కాక మీ డొమైన్ పేరుతోనే పడుతోందా అన్నది చూసుకోకపోవడం. డీమార్క్‌ను మొదట కేవలం గమనించే స్థాయిలో ఉంచి, నివేదికలు కొన్ని వారాలు చూశాక కఠినం చేయండి.

అమెజాన్‌లో ఖాతా తెరిచాము, కానీ మా చిరునామాలకు తప్ప ఎవరికీ వెళ్లడం లేదు. ఎందుకు?

కొత్త ఎస్‌ఈఎస్ ఖాతా 'శాండ్‌బాక్స్' అనే పరీక్షా దశలో ఉంటుంది. అందులో రోజుకు 200 ఉత్తరాలే, అవీ మీరు ధ్రువీకరించిన చిరునామాలకే వెళతాయి. బయటికి రావడానికి దరఖాస్తు పెట్టాలి. "మార్కెటింగ్ కోసం" అని ఒక్క ముక్క రాస్తే తిరస్కరించే అవకాశం ఎక్కువ. చిరునామాలు ఎక్కడ ఎలా సేకరించారు, నెలకు ఎన్నిసార్లు పంపుతారు, తిరిగివచ్చిన చిరునామాలను, ఫిర్యాదులను ఎలా తొలగిస్తారు, అన్‌సబ్‌స్క్రైబ్ ఎలా పనిచేస్తుంది అన్నవి వివరంగా రాసి, చేరిక ఫారం ఉన్న మీ పేజీ చిరునామా ఇవ్వండి.

తెలుగులో సబ్జెక్టు పెడితే కొందరికి మధ్యలో నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం కనిపిస్తోంది. ఏమిటది?

అది మీ ఫాంటు దోషం కాదు, పంపే సాఫ్ట్‌వేర్ దోషం. ఈమెయిల్ సబ్జెక్టులో ఇంగ్లీషు కాని లిపిని సంకేతరూపంలోకి మార్చి, ముక్కకు 75 అక్షరాలు మించకుండా పంపాలన్నది నియమం. ముందూ వెనకా ఉండే గుర్తులు పోగా ఒక్కో ముక్కలో 45 బైట్లు పడతాయి. తెలుగులో ప్రతి సంకేతానికి (హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ ఒక సంకేతం) 3 బైట్లు కావాలి కనుక 15 సంకేతాలకు ఒక ముక్క నిండుతుంది. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరమే ఆరు సంకేతాలు. మంచి సాఫ్ట్‌వేర్ సంకేతం పూర్తయిన చోటే తెంపుతుంది. నాసిరకం సాఫ్ట్‌వేర్ 45 బైట్లు లెక్కపెట్టి గుడ్డిగా తెంపుతుంది. ఖాళీకి, అంకెకు ఒక్కో బైటే కనుక, సబ్జెక్టులో అవి రాగానే లెక్క తప్పి ఒక సంకేతం నడిమికి విరుగుతుంది.

అందుకే సేవను ఎంచుకునే ముందే, ఖాళీలూ అంకెలూ ఒత్తులూ ఉన్న పొడవైన సబ్జెక్టుతో, ఉదాహరణకు "2025 డిసెంబరు సంచిక: స్త్రీల కథల ప్రత్యేక అనుబంధం వెలువడింది" అని, జీమెయిల్‌కూ అవుట్‌లుక్‌కూ యాహూకూ పరీక్షగా పంపి చూడండి.

జీమెయిల్‌లో మా ఉత్తరం సగంలో తెగిపోతోంది. ఇంగ్లీషు పత్రికలకు అలా జరగదేం?

ఉత్తరం హెచ్‌టీఎంఎల్ పరిమాణం సుమారు 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ మిగతాది దాచి, పూర్తి ఉత్తరం చూడమని లింకు ఇస్తుంది. మాటకు సగటున ఎనిమిది సంకేతాలు అనుకుంటే 3,000 పదాల తెలుగు కథ దాదాపు 75 కిలోబైట్లు. అదే పొడవు ఇంగ్లీషు కథ 20కి లోపే. డిజైను కోడ్ కలిస్తే మనం అంచు మీద ఉంటాము. దీనికి తోడు కొన్ని సేవల ఎడిటర్లు తెలుగు అక్షరాలను అంకెల రూపంలోకి మారుస్తాయి: 'త' అన్నది `త` అవుతుంది, 3 బైట్ల చోట 7. అప్పుడు అదే కథ 170 కిలోబైట్లు దాటిపోతుంది. ఉత్తరం మూలాన్ని తెరిచి చూస్తే ఇది ఇట్టే తెలుస్తుంది.

తెగిపోయేది అడుగుభాగం, అన్‌సబ్‌స్క్రైబ్ లింకు ఉండేది అక్కడే. లింకు కనబడని పాఠకుడు స్పామ్ మీట నొక్కుతాడు. కథ మొత్తం పంపకుండా మొదటి నాలుగైదు పేరాలు ఇచ్చి మిగతాది మీ సైటులో చదివించండి.

ఒత్తులు, గుడులు పైకీ కిందికీ తెగి కనిపిస్తున్నాయి. ఏ ఫాంటు పెట్టాలి?

జీమెయిల్‌లో మీరు ఎంచుకున్న వెబ్ ఫాంటు పనిచేయదు. పాఠకుడి పరికరంలో ఏ తెలుగు ఫాంటు ఉంటే అదే వస్తుంది, విండోస్‌లో నిర్మల, ఆండ్రాయిడ్‌లో నోటో వంటివి. మీ చేతిలో ఉన్నది వరుసల మధ్య ఎడం. తయారుగా దొరికే టెంప్లేట్లలో ఆ ఎడం ఇంగ్లీషుకు సరిపోయేలా బిగించి ఉంటుంది, ముఖ్యంగా శీర్షికల దగ్గర. దాన్ని అక్షరం పరిమాణానికి 1.6 నుంచి 1.8 రెట్లు చేస్తే ఒత్తులు తెగవు. టెంప్లేటులో దీన్ని మార్చనివ్వని సేవ తెలుగుకు పనికిరాదు. డీటీపీలో అను ఫాంట్లతో కూర్చిన పాఠాన్ని నేరుగా అతికించవద్దు. యూనికోడ్‌లోకి మార్చాకే పెట్టండి.

మాసపత్రిక పీడీఎఫ్‌ను అటాచ్ చేసి పంపవచ్చా?

లింకు పంపండి. అటాచ్‌మెంటు ఈమెయిల్‌లో మూడో వంతు ఉబ్బుతుంది. 8 ఎంబీ పీడీఎఫ్ 5,000 మందికి వెళితే 53 జీబీ దాటుతుంది. అమెజాన్ ఎస్‌ఈఎస్‌లో ఆ 5,000 ఉత్తరాలకు అర డాలరు, అటాచ్‌మెంట్ల డేటాకు జీబీకి 12 సెంట్ల చొప్పున ఆరు డాలర్లకు పైగా పడుతుంది. పైగా చాలా సేవలు అటాచ్‌మెంట్లను అసలు అనుమతించవు.

## పంపడం మొదలయ్యాక

మొదటి రోజే అందరికీ పంపవచ్చా?

కొత్త డొమైన్ అయితే వద్దు. తప్పక తెరిచి చదివే రెండు మూడు వందల మందితో మొదలుపెట్టి, కొన్ని వారాల్లో విడతవిడతకూ పెంచుకుంటూ వెళ్లండి.

ఉత్తరాలు స్పామ్ ఫోల్డరులోకి పోతున్నాయి. సేవ మార్చాలా?

ముందు కారణం వెతకండి. గూగుల్ ఉచితంగా ఇచ్చే పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో మీ డొమైన్‌ను నమోదు చేసుకుంటే, తగినన్ని ఉత్తరాలు వెళుతున్నప్పుడు స్పామ్ ఫిర్యాదుల శాతం కనిపిస్తుంది. గూగుల్ దాన్ని 0.1 శాతంలోపు ఉంచమంటుంది, 0.3 శాతానికి చేరనివ్వవద్దంటుంది. వెయ్యిమందిలో ముగ్గురు నొక్కితే 0.3 శాతం అయినట్టే. మూడేళ్లుగా చదవనివారికి పండుగ శుభాకాంక్షలు పంపడం ఈ ముగ్గురిని సంపాదించుకునే సులువైన మార్గం. జాబితా పాతబడిపోయి ఉంటే ఏ సేవకు మారినా నెల తిరిగేసరికి అదే పరిస్థితి వస్తుంది.

బౌన్స్ అయిన (ఉత్తరం చేరక తిరిగివచ్చిన) చిరునామాలకు మళ్లీ పంపి చూడాలా?

చిరునామా లేదని వచ్చినవాటికి ఎప్పుడూ వద్దు. పెట్టె నిండిందని, తరువాత ప్రయత్నించమని వచ్చినవాటికి సేవే కొన్నిసార్లు తిరిగి పంపుతుంది. అమెజాన్ ఎస్‌ఈఎస్‌లో బౌన్సులు 5 శాతానికి చేరితే ఖాతాను పరిశీలనలో పెడతారు, 10 శాతమైతే ఆపివేయవచ్చు.

60 శాతం మంది తెరిచారని చూపిస్తోంది. నమ్మవచ్చా?

నమ్మవద్దు. 2021 సెప్టెంబరులో యాపిల్ తన మెయిల్ యాప్‌లో తెచ్చిన గోప్యతా ఏర్పాటు, పాఠకుడు తెరిచినా తెరవకపోయినా బొమ్మలను ముందే తెచ్చి పెట్టుకుంటుంది. సేవ దాన్ని తెరిచినట్టు లెక్కవేస్తుంది. లింకులు నొక్కినవారిని, జవాబు రాసినవారిని లెక్కించండి.

అన్‌సబ్‌స్క్రైబ్ లింకు కనబడకుండా పెడితే ఎక్కువమంది మిగులుతారు కదా?

మిగిలినవారు ఫిర్యాదు చేస్తారు. సామూహికంగా పంపే డొమైన్లకు ఒక్క నొక్కుతో విరమించుకునే ఏర్పాటు గూగుల్, యాహూ నిబంధనల్లో తప్పనిసరి, కోరినవారిని రెండు రోజుల్లోగా తొలగించాలి కూడా. ఈ ఏర్పాటు ఉత్తరం అడుగున ఉండే లింకుతో సరిపోదు. జీమెయిల్ పైభాగంలో తానే మీట చూపించేలా హెడరులో (ఉత్తరంతో పాటు వెళ్లే, పాఠకుడికి కనబడని సాంకేతిక వివరాల్లో) ఉండాలి. సేవ దాన్ని తానే చేరుస్తుందో లేదో పరీక్షా ఉత్తరంలో చూసుకోండి.

## సేవ మారాలనుకున్నప్పుడు

పాత సేవ నుంచి ఏమేం తెచ్చుకోవాలి?

చదివేవారి జాబితా ఒక్కటే తెచ్చుకుంటే చాలదు. అన్‌సబ్‌స్క్రైబ్ చేసినవారు, బౌన్స్ అయినవారు, ఫిర్యాదు చేసినవారు విడివిడిగా ఉన్న సీఎస్‌వీ ఫైళ్లు కూడా తెచ్చుకొని, కొత్త సేవలో పంపకూడనివారి జాబితాలో ముందుగా ఎక్కించండి. లేకపోతే రెండేళ్ల క్రితం వద్దన్న మనిషికి కొత్త సేవ నుంచి మళ్లీ ఉత్తరం వెళుతుంది. ఎవరు ఏ తేదీన ఎక్కడ చేరారన్న వివరాన్నీ వదలవద్దు, సమ్మతికి అదే రుజువు. తెలుగు పేర్లు ఉన్న సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిచి మళ్లీ సేవ్ చేస్తే, యూటీఎఫ్-8 రకాన్ని ఎంచుకోకపోతే, పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోవచ్చు. మూల ఫైలు ఒకటి ముట్టుకోకుండా పక్కన ఉంచుకోండి. ఈ వివరాలన్నీ దించుకోనిస్తుందా అన్నది ఖాతా తెరిచే రోజునే చూడవలసిన విషయం.

సేవే మూతపడితే మా పాత సంచికల సంగతి ఏమిటి?

అలా జరిగింది కూడా. ట్విట్టర్ చేతిలోని రెవ్యూ అనే సేవ 2023 జనవరిలో, మెయిల్‌చింప్ చేతిలోని టైనీలెటర్ అనే సేవ 2024 ఫిబ్రవరి 29న మూతపడ్డాయి. ప్రతి సంచిక ప్రతినీ మీ సొంత సైటులో కూడా ఉంచండి. నొక్కుల లెక్క కోసం సేవ మీ లింకులను తన డొమైన్ మీదుగా మళ్లిస్తుంది. ఆ సేవ పోతే పాఠకుల పెట్టెల్లో ఉన్న పాత ఉత్తరాల లింకులన్నీ చచ్చిపోతాయి. ఆ మళ్లింపుకు మీ డొమైన్‌నే వాడుకునే వీలున్న సేవ అయితే, తరువాత వాటిని మీరే సరిచేసుకోవచ్చు.

కొత్త సేవ నడుస్తోంది. పాత ఖాతాను వెంటనే మూసేయవచ్చా?

నెలా రెండు నెలలు ఆగండి. పాత ఉత్తరాలను ఆలస్యంగా తెరిచినవారు అందులోని లింకుతోనే విరమించుకుంటారు. ఆ పేర్లను వారానికోసారి దించుకొని కొత్త సేవలో ఎక్కించాలి. సైటులో, సామాజిక మాధ్యమాల్లో పాత చేరిక ఫారాలు ఎక్కడెక్కడ పెట్టారో వెతికి మార్చండి. ఆ తరువాత ఖాతా మూసి, డీఎన్‌ఎస్‌లో ఎస్‌పీఎఫ్ రికార్డు నుంచి పాత సేవ పేరును, దాని డీకేఐఎం రికార్డులను తొలగించండి. వాటిని అలాగే వదిలేస్తే, మీరు వాడని సర్వర్లకు కూడా మీ పేరుతో ఉత్తరాలు పంపే అనుమతి ఉండిపోతుంది.